రెండు తలుపుల ఓటు

తెలుగు సంఘం వార్షిక సమావేశం రోజు పొద్దున్న దేవుడమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. వంట తొందరగా ముగించాలి. పప్పు, మునక్కాడల పులుసు, చేపల వేపుడు, అన్నం అన్నీ దించేసి, చేతులు కడుక్కుని, సభ మధ్యలోకి వెళ్ళి ఒకే ఒక్క మాట చెప్పాలి. వంటగది మీద రేకులు మార్చకపోతే ఉగాది భోజనాలకు ఆమె గరిటె పట్టదు.

ఈ మాట చెప్పాలని ఆమె ఏళ్ళ తరబడి చూస్తోంది. మలేసియాలోని ఆ సుంగై సుమున్ సంఘంలో మామూలు మనిషి నోరు విప్పడానికి ఒకే ఒక్క సందు ఉంది. అది అన్నిటికన్నా చివర వచ్చే "ఇతర విషయాలు". అది వచ్చేసరికి భోజనాల వేళ అవుతుంది. భోజనాల వేళకు దేవుడమ్మ గోడకు అవతల గరిటెతో నిలబడి ఉంటుంది. అధ్యక్షుడు "ఇతర విషయాలేటైనా ఉన్నాయా?" అని అడుగుతాడు. ఎవరూ పలకరు. "లేవు" అని రాసేసుకుంటారు. గోడ అవతల నుంచి ఆ "లేవు" వినపడినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

ఒళ్ళు మండటం మాటవరసకు కాదు. పోయిన ఉగాదికి ఆమె గారెలు వేస్తుండగా వాన వచ్చింది. రేకు కన్నంలోంచి నీళ్ళు నేరుగా కాగిన నూనెలో పడ్డాయి. నూనె చిమ్మి ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. తెలుక్ ఇంటాన్ ఆసుపత్రికి తీసుకువెళ్ళి కట్టు కట్టించారు. సంఘం తరఫున ఒక పళ్ళబుట్ట వచ్చింది. రేకులు రాలేదు. పళ్ళు రెండు రోజుల్లో అయిపోయాయి, మచ్చ ఉండిపోయింది.

పప్పు ఉడికింది. మెదుపుదామని చూస్తే చేతికి పప్పుగుత్తి దొరకలేదు.

"పుష్పా! నా పప్పుగుత్తేదే?"

తమ్ముడి భార్య పుష్పవల్లి చేపలు తిరగేస్తూనే బదులిచ్చింది. "యోగేశ్వరన్ అన్న అట్టుకెల్లినాడు వదినా. సభకి కావాలంట."

"సభలో పప్పు మెదుపుతారేటి?"

"నాకేటి తెలుసు? లండన్‌లో అలాగే సేస్తారంట."

దేవుడమ్మ కొంగు బిగించి హాల్లోకి వెళ్ళింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ఎప్పుడూ వేదికకు ఎదురుగా వరసగా ఉండే కుర్చీలు ఇప్పుడు రెండు పక్షాలుగా విడిపోయి, ఒకదాన్నొకటి ఉరిమి చూస్తున్నట్టు నిలబడ్డాయి. వాటి మీద ఆకుపచ్చ గుడ్డలు కప్పి ఉన్నాయి. నడుమ వేదిక మీద మండోరు కుర్చీ. అందులో కూర్మయ్య. ఆయన ఒంటి మీద మనవరాలు పట్టా పుచ్చుకున్న రోజు వేసుకున్న నల్ల గౌను. ఆయన చేతిలో దేవుడమ్మ పప్పుగుత్తి.

మండోరు అంటే తోటలో కూలీల మీద మేస్త్రీ. కూర్మయ్య తాత మండోరు. ఆ తోట చేతులు మారింది, రబ్బరు పోయి ఆయిల్ పామ్ వచ్చింది, కూలీల ఇళ్ళు కూలిపోయి జనం టౌను ఇళ్ళకు చేరారు. సంఘం అధ్యక్ష పదవి మాత్రం ఆ ఇంటి గడప దాటలేదు. తాత తరవాత తండ్రి, తండ్రి తరవాత కూర్మయ్య. పదవితో పాటు ఇంకొక హక్కు కూడా ఆ ఇంటిదే. ఏ విందులోనైనా మొదటి ఆకు మండోరు ఇంటివాళ్ళకు వెయ్యాలి. ఆయన కూర్చుని ముద్ద ఎత్తేదాకా పెళ్ళికొడుకైనా ఆకలితో కూర్చోవలసిందే.

"మండోరు బావూ, నా గుత్తి ఇయ్యి. పప్పు సల్లారిపోతంది" అంది దేవుడమ్మ.

కూర్మయ్య గుత్తిని గుండెకు హత్తుకున్నాడు. "ఇది ఇప్పుడు గుత్తి కాదు దేవుడమ్మా. నాను స్పీకర్ని. ఇది కొడితే అందరూ నోరు మూసుకోవాలంట."

ఇదంతా కార్యదర్శి యోగేశ్వరన్ పని. ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. కిందటి ఏడాది యాత్రల కంపెనీతో లండన్ వెళ్ళి, అందరూ గడియారం ముందు ఫోటోలు దిగుతుంటే తను పార్లమెంటు లోపలికి వెళ్ళి పైనుంచి తొంగి చూసి వచ్చాడు. అప్పటినుంచి నిద్ర పోవడం మానేశాడు. ఫోనులో ఆ సభ చూడటం, పొద్దున్నే టీ కొట్టు దగ్గర దాని గురించి చెప్పడం. అక్కడ ఏ మంత్రి ఎప్పుడు దిగిపోయాడో చెప్పగలడు. ఇక్కడ వంటగదిలో పైకప్పు ఎప్పుడు దిగిపోతుందో ఆయనకు పట్టలేదు.

"కౌలాలంపూర్‌లో మన పార్లమెంటు కూడా ఆ పద్ధతే అప్పా" అన్నాడు యోగేశ్వరన్, అక్క వరస కలిపి, దేవుడమ్మతో. "ఈ రోజునుంచి మన సంఘం కూడా. సంస్కరణ! నువ్వు వంట సూసుకో, తరవాత నీకే తెలస్తాది."

"నాకు తెలిసేదేటి? నా పొయ్యి మీద రేకులు మార్సండి, అదే సంస్కరణ."

"రేకులు ఇతర విషయాలు కదప్పా" అన్నాడు ఆయన.

దేవుడమ్మ గిరుక్కున తిరిగింది. లోపలికి పోయి గరిటె వెనక్కి తిప్పి పప్పు మెదిపింది. ఆ పప్పు అంత మెత్తగా ఎప్పుడూ మెదగలేదు. తరవాత పొయ్యి ఆర్పి, మూతలు పెట్టి, పుష్పవల్లిని వెంటబెట్టుకుని సభలోకి వచ్చింది.

జనం రావడం మొదలుపెట్టారు. రెండు పక్షాలుగా కుర్చీలు చూసి ఎవరూ తడబడలేదు. ఆ హాల్లో ఏ శుభకార్యమైనా మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చోవడం పుట్టినప్పటినుంచి అలవాటే. మగవాళ్ళు ఫ్యాన్లు తిరిగే కుడివైపుకు, ఆడవాళ్ళు ఫ్యాన్లు లేని ఎడమవైపుకు వెళ్ళి బుద్ధిగా కూర్చున్నారు. యోగేశ్వరన్ కంగారుపడి అటూ ఇటూ పరుగెత్తాడు.

"కుడివైపు పాలకపక్షం! ఎడమవైపు ఎదురుపక్షం! అలాగ కూసోకూడదు, కలవాలి!"

"ఎవుల్లతో కలవాలి?" అని పుష్పవల్లి కోపంగా అడిగింది. ఎదుటి వరస నుంచి ఆమె మొగుడు కూడా కోపంగా చూశాడు. యోగేశ్వరన్ ఆ సంస్కరణను అంతటితో వదిలేశాడు.

"సరే, ఇలాగే కానియ్యండి. దేవుడమ్మప్పా, నువ్వు ముందు వరసలో ఉన్నావు కాబట్టి ఎదురుపక్షం నాయకురాలివి నువ్వే."

"నాయకురాలంటే ఏటి సేయాలి?"

"మేం ఏటంటే అది కాదనాలి. అదే ఎదురుపక్షం ధర్మం."

"దానికి లండన్ దాకా ఎల్లాలా?" అంది పుష్పవల్లి. "ఇంటికాడ రోజూ సేస్తన్నాం."

ఆడవాళ్ళ వైపు గొల్లుమంది. కూర్మయ్య పప్పుగుత్తితో బల్ల మీద కొట్టాడు. ఆ శబ్దం ఆయనకు ఎంత నచ్చిందంటే, నవ్వు ఆగాక కూడా ఇంకో రెండు సార్లు కొట్టాడు.

యోగేశ్వరన్ గొంతు సవరించుకున్నాడు. "గౌరవనీయ స్పీకరు గారికి నమస్కారం. లండన్‌లో ఒక పై సభ ఉన్నాది. అందులో కొందరు ఏ ఓటూ లేకండా, తాత కూసున్నాడు కాబట్టి తండ్రి, తండ్రి కూసున్నాడు కాబట్టి కొడుకు, అలాగ వందల ఏళ్ళు కూసున్నారు. ఇప్పుడు అక్కడే వాళ్ళని తీసేస్తన్నారు."

"మంచి పనే!" అన్నాడు కూర్మయ్య ఉత్సాహంగా. "పుట్టుకతోటి కుర్చీయేటి? సిగ్గుండాలి!"

అందరూ ఆయన కూర్చున్న కుర్చీ వైపే చూస్తున్నారు. వాళ్ళు ఏం చూస్తున్నారో అని కూర్మయ్య కూడా వంగి కుర్చీ చేతుల్ని చూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది.

"ఒరే యోగేసూ!"

"స్పీకరు చర్చలో మాటాడకూడదు" అన్నాడు యోగేశ్వరన్ వినయంగా.

"నా కుర్చీ గురించి నానే మాటాడకూడదా? ఎవుడ్రా సెప్పినాడు?"

"పద్ధతి బావూ. స్పీకరు మాటాడకూడదు, ఓటు ఎయ్యకూడదు. తమరే కదా నిన్న ఒప్పుకున్నారు, స్పీకరు సభకి దేవుడని సెప్తే ఎంతో బాగుందన్నారు."

దేవుడమ్మకు యోగేశ్వరన్ పథకం అంతా ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. కూర్మయ్యను దేవుణ్ణి చేసి నోరు కుట్టేశాడు. ఆ కుర్చీ ఖాళీ అయితే సంఘం నియమం ప్రకారం అందులో కూర్చునేది కార్యదర్శి. లండన్ దాకా వెళ్ళి నేర్చుకొచ్చిన విద్య అంతా ఒక్క టేకు కుర్చీ కోసం. ఆమె లేచి నిలబడింది.

"యోగేసు, నా మాట ఇను."

"నాతో కాదప్పా. స్పీకరుతో సెప్పాలి. నన్ను పేరెట్టి పిలవకూడదు, గౌరవనీయ సభ్యుడు అనాలి."

"నా పెనిమిటి పేరే నాను జన్మలో ఎత్తలేదు, నీ పేరు ఎత్తకపోతే నాకేటి నష్టం?" అని దేవుడమ్మ కూర్మయ్య వైపు తిరిగింది. "బావూ, ఆ గౌరవనీయుడికి సెప్పు. ఈ కుర్చీలో ఎవుడు కూసున్నా మాకొకటే. మీ తాత కూసున్నాడు, వాన కురిసింది. మీ అయ్య కూసున్నాడు, వాన కురిసింది. నువ్వు కూసున్నావు, నా సెయ్యి కాలింది. ఏ వానా ఈ కుర్చీ మీద కురవదు. కురిసేది నా పొయ్యి మీద. ముందు రేకుల సంగతి తేల్సండి, తరవాత కుర్చీకోసం కొట్టుకు సావండి."

"సావండి అన్న మాట సభా మర్యాద కాదు" అన్నాడు యోగేశ్వరన్. "పైగా పుట్టుకతో వచ్చే కుర్చీ రద్దు కావాలన్న నా తీర్మానాన్ని నువ్వు ఎదిరించాలి. ఎదురుపక్షం కదా."

"అంటే?"

"కూర్మయ్య బావు కుర్చీ ఉండాలని నువ్వు ఓటెయ్యాలి."

ఎవరి పదవి ఎప్పుడు ఊడుతుందా అని కట్టుకట్టిన చేత్తో దండం పెట్టుకుందో, ఆ మనిషిని ఇప్పుడు తనే మొయ్యాలి. కూర్మయ్య ఆమె వైపు ఆశగా చూశాడు. ఆయన జన్మలో ఆమె వైపు అలా చూడలేదు. ఆ చూపుకు ఆమెకు ఇంకా మండింది.

బయట మబ్బు కమ్ముకుంది. గోడ గడియారం భోజనం వేళ దాటిపోయిందని చెబుతోంది. మూతల సందుల్లోంచి చేపల వేపుడు వాసన హాల్లోకి పాకుతోంది. యోగేశ్వరన్ ఒక్కడికే అదేమీ తగల్లేదు.

"ఇప్పుడు ఓటు. లండన్‌లో సేతులెత్తరు. లేచి తలుపులోంచి నడుస్తారు. పుట్టుకతో వచ్చే పదవి రద్దు కావాలన్నవాళ్ళు కుడి తలుపు. వద్దన్నవాళ్ళు ఎడమ తలుపు. అందరూ ఎల్లినాక తలుపులు మూసేస్తాం. స్పీకరు ఫలితం సెప్పినాకే తెరుస్తాం. చిన్నతంబీ, గడియలు సూసుకో" అని తలుపు దగ్గర నిలబడ్డ కాపలా కుర్రాడికి చెప్పాడు.

ఎడమ తలుపు బయట కార్లు నిలిపే చోటికి తెరుచుకుంటుంది. కుడి తలుపు వంటగదిలోకి. ఆ హాలు కట్టినప్పటినుంచి సమావేశం ముగిశాక జనం ఏ తలుపు వైపు నడుస్తారో పార్లమెంటు చూసొచ్చిన మనిషికి గుర్తు లేకపోయింది.

సరిగ్గా అప్పుడే వాన దిగింది. ఎడమ తలుపు బయట ఏమీ కనిపించనంత వాన. జనం ఒక్కసారి ఎడమవైపు చూశారు, ఒక్కసారి ముక్కు ఎగబీల్చారు, లేచి కుడి తలుపు వైపు కదిలారు. మగవాళ్ళు కదిలారు. ఆడవాళ్ళు ఫ్యాన్ల కింద నుంచి దాటుకుంటూ కదిలారు. పుష్పవల్లి వడ్డించాలి కాబట్టి అందరికన్నా ముందు పరుగెత్తింది. తను లేకుండా తన గిన్నెల మూతలు తీస్తారని దేవుడమ్మ ఆమె వెనకే వెళ్ళింది. తను ఓటు వేశానని ఆమెకు తోచనే లేదు.

వేదిక మీద కూర్మయ్య ఒంటరిగా మిగిలాడు. కూర్చోవాలో లేవాలో తెలియలేదు. అంతలో లోపలినుంచి ఆకులు పరుస్తున్న చప్పుడు వినపడింది. తన తాత కాలంనుంచి ఎవరూ చెయ్యని సాహసం! మండోరు ఇంటివాడు రాకుండా ఆకులు వేస్తున్నారు!

"మొదటి ఆకు మా ఇంటిది!" అని అరుస్తూ ఆయన గౌను ఎత్తిపట్టుకుని వేదిక దిగాడు.

"బావూ, తమరు ఎల్లకూడదు! స్పీకరు!" అని యోగేశ్వరన్ అడ్డం పడ్డాడు.

"స్పీకరు అన్నం తినడేట్రా?" అని కూర్మయ్య ఆయన్ని తోసుకుని కుడి తలుపులోంచి లోపలికి దూసుకుపోయాడు. పుట్టుకతో వచ్చిన హక్కు కోసం పరుగెత్తి, పుట్టుకతో వచ్చే హక్కు రద్దు కావాలని ఓటు వేశాడు. చిన్నతంబి చెప్పినట్టే గడియ పెట్టి, మోటారుసైకిలు తడిసిపోతోందని బయటికి పోయాడు.

వంటగది ఇద్దరు మనుషులు వంట చేసుకునే గది. అందులోకి సంఘం మొత్తం వచ్చి పడింది. భోజనాలు పెట్టే వెనక షెడ్డులోకి పోయే తలుపుకు గ్యాసు సిలిండర్లు పోతున్నాయని కూర్మయ్యే తాళం వేయించాడు. ఆ తాళంచెవి ఆయన తాళాల గుత్తిలో ఉంది. ఆ గుత్తి హాల్లో బల్ల మీద, పప్పుగుత్తి పక్కన ఉంది. ఆకులు చేతుల్లోనే పట్టుకుని అందరూ గోడలకు అంటుకుని నిలబడ్డారు. పైన రేకుల మీద వాన డప్పులు వాయిస్తోంది.

"తలుపు తియ్యండ్రా!" అని కూర్మయ్య అరిచాడు.

గోడలో వడ్డన కోసం ఉన్న చిన్న కిటికీ ఊచల అవతల యోగేశ్వరన్ ముఖం కనిపించింది. "స్పీకరు ఫలితం సెప్పాలి, అప్పుడే తియ్యాలి."

"స్పీకరు ఇక్కడే సచ్చినాడు కదరా!"

"అది కుదరదు బావూ. స్పీకరు సభలో ఉంటాడు. ఓటు గదిలోకి ఎల్లడు. కాబట్టి తమరు స్పీకరుగా అక్కడ లేరు."

"మరి నానెవున్ని?"

యోగేశ్వరన్ ఆలోచనలో పడ్డాడు. ఆయన చూసిన ఏ వీడియోలోనూ స్పీకరు చేపల వేపుడు కోసం పారిపోలేదు.

ఆ ఆలోచన తెమలకముందే గాలి కొట్టింది. ఎప్పటినుంచో వేలాడుతున్న రేకు ఒకటి పెళపెళమని లేచి వెనక్కి మడుచుకుపోయింది. ఆకాశం కనిపించింది. తరవాత ఆకాశంలో ఉన్నదంతా లోపలికి వచ్చింది. పులుసులో నీళ్ళు, అన్నంలో నీళ్ళు, గౌను తడిసి కూర్మయ్య కాళ్ళకు చుట్టుకుంది. ఆయన జారి, బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

"ఇంత వానేటి?" అన్నాడు దిక్కులు చూస్తూ. "ఇంత వాన ఎప్పటినుంచి?"

అదిగో, ఆ మాటకు దేవుడమ్మ కట్టలు తెంచుకుంది.

"ఎప్పటినుంచా? నీకు మొదటి ఆకు ఏసినప్పటినుంచి! నువ్వు తిన్న ప్రతి ముద్దా ఈ వానలోనే ఉడికింది. ఒక్కరోజైనా ఈ గడప తొక్కినావా? ఎప్పుడైనా తొంగి సూసినావా?" ఆమె ఎడమ చెయ్యి చాచి మచ్చ ఆయన ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టింది. "సూడు! మీరు పంపిన పళ్ళు ఇక్కడ రాసుకోమన్నారా? ప్రతి ఏడూ ఇతర విషయాలు లేవని రాసుకున్నారు. ఇదిగో నా ఇతర విషయం! ఇప్పుడు లేదని సెప్పు!"

ఎదురుగా పాలకపక్షం తడిసి నిలబడి ఉంది. ఎదురుపక్షం తడిసి నిలబడి ఉంది. ఫ్యాన్లు ఎవరి మీదా లేవు.

కూర్మయ్య తల దించుకున్నాడు. "ఉంది దేవుడమ్మా" అన్నాడు చిన్నగా.

"ఉంది అంటే సాలదు. స్పీకరువి కదా, తీర్మానం సేయించు."

"రేకులు మార్సాలన్నవాళ్ళు సేతులెత్తండి" అన్నాడు కూర్మయ్య. అన్ని చేతులూ లేచాయి. నెత్తి మీద ఆకు పట్టుకున్నవాళ్ళు ఆకుతో సహా ఎత్తారు.

"వంటగది సభ కాదు! ఆ తీర్మానం సెల్లదు!" అని కిటికీలోంచి యోగేశ్వరన్ అరిచాడు.

"సభంతా ఇక్కడే ఉన్నాది. లేనిది నువ్వొక్కడివే" అంది పుష్పవల్లి. "నువ్వే సెల్లవు."

వణుకుతున్న కూర్మయ్యకు ఇక ఓపిక లేదు. బకెట్టు మీదనుంచే గొంతెత్తాడు. "ఫలితం ఇనరా! కుడివైపు అందరూ. ఎడమవైపు ఎవుడూ లేడు. నా కుర్చీ పోయింది. సుదా, అయిపోయింది! ఇప్పుడైనా తలుపు తియ్యి!"

గడియ తీసిన చప్పుడు సంతోషంగా వినపడింది. యోగేశ్వరన్ గుమ్మంలో నిలబడి, పొడిబట్టలతో, మెరిసే కళ్ళతో చేతులు జోడించాడు. "చరిత్ర! ఒక్క ఓటు కూడా ఎదురు లేకండా! నియమం ప్రకారం ఇప్పుడు కార్యదర్శి..."

"కుర్చీ నీదే బాబూ" అంది దేవుడమ్మ.

అంత తేలిగ్గా వస్తుందని యోగేశ్వరన్ అనుకోలేదు. ఆయన ముఖం విప్పారింది.

"కానీ ఎదురుపక్షం తరఫున ఒక సిన్న తీర్మానం" అంది ఆమె. "రేకులు మార్సేదాకా సంఘం కుర్చీ ఉండే సోటు ఇది." కాలితో నేల మీద చూపించింది. మడుచుకుపోయిన రేకుకు సరిగ్గా కింద, నీళ్ళు దబదబా పడుతున్న చోటు. "సమావేశాలూ ఇక్కడే. సేతులెత్తండి."

ఈసారి అందరికన్నా ముందు లేచిన చెయ్యి కూర్మయ్యది.

"పాలకపక్షం కూడానా?" అన్నాడు యోగేశ్వరన్ నీరసంగా. "మీరు... మీరు ఎదిరించుకోవాలి కదా!"

నలుగురు మగవాళ్ళు అప్పటికే హాల్లోకి వెళ్ళి మండోరు కుర్చీని మోసుకొస్తున్నారు. తెచ్చి వానకింద దింపారు. దేవుడమ్మ కొంగుతో దాన్ని శ్రద్ధగా తుడిచింది. అది మళ్ళీ తడిసింది.

"కూసో గౌరవనీయా" అంది.

యోగేశ్వరన్ జనాన్ని చూశాడు, కుర్చీని చూశాడు, పైన కన్నాన్ని చూశాడు. చివరికి కూర్చున్నాడు. ఆ రోజు మొదటి ఆకు ఆయనకే వేశారు. నీళ్ళపులుసు, నీళ్ళన్నం. ఆయన ముద్ద ఎత్తేదాకా అందరూ మర్యాదగా ఆగారు.

రేకులు శుక్రవారంకల్లా వచ్చాయి. కొత్త అధ్యక్షుడే బాగన్ దాతుక్ ఊరికి వెళ్ళి, లారీలో పక్కన కూర్చుని తెచ్చాడు. ఉగాదికి దేవుడమ్మ గారెలు వేసింది. వాన వచ్చింది, నూనె చిమ్మలేదు.

పప్పుగుత్తి మాత్రం సంఘం బీరువాలోనే ఉంది. తిరిగి ఇమ్మని ఆమె అడిగితే, దాన్ని ఇతర విషయాల కింద రాసుకున్నారు.